రెండు రోజులు నిలబెడితే స్టార్ట్ కాని మారుతి 800: తప్పు పెట్రోల్‌దా, బండిదా?

కాకినాడ_98మోడల్
మా నాన్నగారి 800, 1998 మోడల్, కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చే భాగం) ఉన్న బండి. రోజూ తీస్తే ఏ పేచీ లేదు. రెండు మూడు రోజులు నిలబెడితే మాత్రం సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. బ్యాటరీ కొత్తదే. చోక్ లాగినా అంతే. చాలాసేపు కొట్టాక ఎప్పటికో అందుకుంటుంది, ఇక ఆ రోజంతా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. మెకానిక్ కార్బరేటర్ మొత్తం మార్చాలంటున్నాడు. పక్కింటాయన 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వైజాగ్_వీధి
ప్లగ్గులు మార్చి చూడండి.

బెజవాడ_స్పానర్
తమ్ముడూ, కార్బరేటర్‌కి ఇప్పుడే డబ్బులు పెట్టకు. ఈసారి స్టార్ట్ కానప్పుడు ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బరేటర్ గొంతులోకి చూడు. యాక్సిలరేటర్ లింకు చేత్తో లాగితే సన్నటి ధారగా పెట్రోల్ చిమ్మాలి. చిమ్మలేదంటే కార్బరేటర్ లోపల పెట్రోల్ నిలిచే గిన్నె ఖాళీ. ఇంకోటి, కాసేపు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్గు విప్పు. పొడిగా ఉంటే పెట్రోల్ అందట్లేదు. తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా కరెంటు రావట్లేదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి పొడిగానే ఉంటుంది. నిలబెట్టిన బండిలో గిన్నెలోని పెట్రోల్ ఆవిరవడం మామూలే. ట్యాంకు నుంచి వచ్చే లైన్‌లో పెట్రోల్ నిలిచి ఉంటే పంపు కాసేపట్లోనే మళ్ళీ నింపేస్తుంది. నీ బండిలో లైన్ కూడా ఖాళీ అవుతోంది, పెట్రోల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. తప్పు ఏసీ పంపుది (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు, చల్లగాలి ఏసీ కాదు) గాని, ట్యాంకుకీ పంపుకీ మధ్య రబ్బరు పైపుది గాని.

తెనాలి_టాప్‌గేర్
ఇంత తతంగం దేనికి? మూత తీసి నాలుగు చుక్కలు పెట్రోల్ పోసి సెల్ఫ్ కొట్టండి, అందుకుంటుంది.

బెజవాడ_స్పానర్
దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. వెనక్కి మంట తన్నిందంటే తెరిచి ఉన్న కార్బరేటర్ మీద మీ మొహమే ఉంటుంది. అలా కాలిన చేతులు నేను చూశాను.

నల్గొండ_నిజం
స్పానర్ గారు అసలు విషయం వదిలేసి పైపుల చుట్టూ తిరుగుతున్నారు. E20కి, అంటే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి, తగ్గ విడిభాగాలు వచ్చినవి దాదాపు 2023 నుంచి వచ్చిన బండ్లలోనే. 1998లో ఈ బండికి పెట్టిన రబ్బరు, డయాఫ్రమ్ (పంపులో కదిలే పల్చటి పొర), కార్బరేటర్ గాస్కెట్లు ఇంత ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో అంటుకున్న తుప్పునూ మడ్డినీ కదిలించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. నా మారుతి జెన్‌కి ఇదే జరిగింది. ఓ గ్యారేజీకిస్తే ముందు కాయిల్ అన్నారు, తర్వాత ప్లగ్గులు, తర్వాత కార్బరేటర్ కిట్టు. ప్రతిసారీ బిల్లు కట్టాను. మా అమ్మను హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పొద్దున బండి మళ్ళీ కదల్లేదు. ఆటోలో బస్టాండుకి తీసుకెళ్ళాను. అన్నాళ్ళూ ఒక్కరైనా పెట్రోల్ మాట ఎత్తలేదు.

బెజవాడ_స్పానర్
అమ్మగారికి జరిగింది బాధాకరం. కానీ ఈ తమ్ముడి బండి సంగతి చూడండి. చెడ్డ పెట్రోలే అయితే, స్టార్ట్ అయ్యాక రోజంతా అదే ట్యాంకులోని అదే పెట్రోల్‌తో ఎలా నడుస్తోంది? నీళ్ళు కలిసి ఉంటే నడిచేటప్పుడూ తడబడాలి. అనుమానముంటే గాజు సీసాలోకి కొంచెం పెట్రోల్ పట్టి కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్ళతో కలిసి విడిపోయి ఉంటే అడుగున వేరే పొర కనబడుతుంది.

నల్గొండ_నిజం
పైపు పగిలిందంటారు. పగిలితే పెట్రోల్ కారాలి కదా? కింద నేల మీద చుక్క లేదు, వాసన లేదు. ఆయన పోస్టులో ఎక్కడా లీకు అనలేదు. కారని పైపుకి పగులెక్కడిది?

కాకినాడ_98మోడల్
నిజమే, లీకు లేదు. షెడ్డులో అట్ట ముక్క పరిచి చూశాను, తడి లేదు.

బెజవాడ_స్పానర్
కారదు. అందుకే చాలామంది ఈ పైపు జోలికి పోరు. ట్యాంకు వెనకాల, కింద ఉంటుంది. పంపు ముందు, ఇంజన్ తల మీద ఉంటుంది. ట్యాంకులోంచి పెట్రోల్‌ని పైకి లాక్కుంటుంది. ఆ వైపు పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. సన్నటి పగులుంటే పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరి బోండం తాగినట్టు. పంపు దాటాక కార్బరేటర్‌కి పోయే పైపు పగిలితే మాత్రం కారుతుంది.

నల్గొండ_నిజం
ఇంజన్ నడిచేటప్పుడు కూడా గాలి పీల్చాలి కదా? అప్పుడు ఎందుకు ఆగట్లేదు? నేను అడిగినదానికి జవాబు చెప్పండి, స్ట్రాలూ బోండాలూ వద్దు.

బెజవాడ_స్పానర్
సెల్ఫ్ మీద ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, పంపు కూడా అంతే. ఖాళీ లైన్, పైగా గాలి. అందుకే ఆలస్యం. స్టార్ట్ అయ్యాక పంపు జోరుగా కొడుతుంది, కొంచెం గాలి కలిసినా ఇంజన్‌కి కావాల్సినదానికన్నా ఎక్కువే తెస్తుంది, మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. ఇదే ప్రశ్న ఎన్నిసార్లు మార్చి అడిగినా జవాబు ఇదే.

మియాపూర్_మైలేజ్
ఇంత పాత బండికి ఇంత టెన్షన్ ఎందుకండీ, అమ్మేసి కొత్తది తీసుకోండి. పదిహేనేళ్ళు దాటితే ఆర్సీ రెన్యువల్‌కే బోలెడు కట్టాలి.

కాకినాడ_98మోడల్
నాన్నగారు ఆ బండి అమ్మరు. అమ్మాలా వద్దా అన్నది ఇక్కడ అడగలేదండీ.

నల్గొండ_నిజం
ఇదిగో, చివరికి అందరూ వచ్చేది ఇక్కడికే. పాత బండి ఉంచుకోవడమే తప్పన్నట్టు. బంకులో మామూలు పెట్రోల్ దొరకదు, మెకానిక్ తోచిన పార్టు మారుస్తాడు, చివర్లో బండి అమ్మేయమంటారు. ఈ స్పానర్ లాంటివాళ్ళంతా ఒకటే. అనుమానమొచ్చిన ప్రతి పార్టూ మార్చుకుంటూ పోతారు, ఏదో ఒకటి తగులుతుంది. మా డబ్బులతో నేర్చుకుంటారు.

బెజవాడ_స్పానర్
మాట మీరకండి. ఈ థ్రెడ్‌లో ఒక్క పార్టు కొనమని చెప్పానా? మొదటి మాటే కార్బరేటర్ మార్చకు అన్నాను. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాను, మీకొకటి సూటిగా చెబుతాను. ఒక బండి కింద పడుకుని గంటసేపు వెతికి, పది రూపాయల క్లిప్పు బిగించి ఇచ్చాననుకోండి. కస్టమర్ ఏమంటాడు? క్లిప్పు బిగించినదానికి ఇంతా అంటాడు. అదే కార్బరేటర్ మార్చి బిల్లు చేతికిస్తే మారు మాట్లాడకుండా కడతాడు, ఎందుకంటే పాతది కవర్లో పెట్టి చూపిస్తాం. వెతికిన గంటకి ఎవరూ ఇవ్వరు. మీ జెన్‌కి ఆ గ్యారేజీవాడు చేసింది తప్పే, నేను వెనకేసుకు రాను. కానీ జబ్బు కనిపెట్టడానికే ఇంత అని ముందే అడిగితే మీరు బండి అక్కడ వదిలేవారా?

గుంటూరు_గ్రీజు
ఇది నూటికి నూరు పాళ్ళు నిజం.

నల్గొండ_నిజం
వదిలేవాణ్ణి. అడిగి ఉంటే తప్పకుండా ఇచ్చేవాణ్ణి. మూడు బిల్లులు కలిపితే ఎన్ని గంటల కూలీ అయ్యేదో నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, అదే నా గోడు. "చూసి చెప్తాను, చూసినందుకు ఇంత" అని ఒక్కడైనా అని ఉంటే ఆ పొద్దున అమ్మను బస్సెక్కించేవాణ్ణి కాదు.

బెజవాడ_స్పానర్
ఈ మాట మీద మనకు పేచీ లేదు. నేనూ అడగడం మొదలుపెట్టాను, సగంమంది వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు తమ్ముడి పని చూద్దాం. మళ్ళీ బండి రెండు మూడు రోజులు నిలబెట్టు. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు పంపు దగ్గర ఊడదీసి, దాని మూతి మూసెయ్. కొత్త పైపు ముక్క పంపుకి తగిలించి, రెండో కొస శుభ్రమైన పెట్రోల్ సీసాలో ముంచు. సీసా పడిపోకుండా కట్టు, బ్యాటరీకీ సైలెన్సర్‌కీ దూరంగా ఉంచు. ఆరుబయట చెయ్యి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. త్వరగా అందుకుంటే పంపూ కార్బరేటరూ బాగానే ఉన్నాయి, తప్పు వెనకాల. అందుకోకపోతే ముందు పంపు విప్పి డయాఫ్రమ్ చూడాలి.

కాకినాడ_98మోడల్
చేశాను. మా మెకానిక్‌ని ఇంటికే పిలిచి, వచ్చి చూసినందుకు ఇంత అని ముందే మాట్లాడుకున్నాను. సీసా పెట్టాక కొద్దిసేపటికే అందుకుంది. తర్వాత బండి కిందికి దూరాడు. ట్యాంకు దగ్గర ఇనప పైపుని కలిపే రబ్బరు ముక్క పైకి బాగానే కనబడింది. క్లిప్పు వదులు చేసి వంచితే దాని కింద వెంట్రుకల్లాంటి పగుళ్ళు చుట్టూ ఉన్నాయి. లోపల వేలు పెడితే మెత్తగా, నల్లగా అంటుకుంది.

నల్గొండ_నిజం
లోపల మెత్తబడిందని ఆయనే చెప్పారు. రబ్బరుని లోపల్నుంచి తిన్నది పెట్రోలే కదా. పైపు పోయింది, ఒప్పుకుంటున్నాను. దాన్ని పోగొట్టింది ఎవరన్నదే నా ప్రశ్న. పాత బండ్లవాళ్ళకు ఇథనాల్ తక్కువున్న పెట్రోల్ బంకులో విడిగా దొరకాలి. ధర ఎక్కువైనా సరే, ఎంచుకునే వీలుండాలి.

బెజవాడ_స్పానర్
బయటి పగుళ్ళు వయసువి, ఎండవి. లోపలి మెత్తదనానికి ఇథనాల్ కారణం కావచ్చు, కాదనను. కానీ అక్కడున్నది ఏ రకం రబ్బరో ఎవరికీ తెలియదు. మధ్యలో ఎవరో మామూలు పైపు ముక్క వేసి ఉంటే ఇథనాల్ లేకపోయినా అంతే. తమ్ముడూ, ఒక్క ముక్కతో ఆపకు, ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా, రిటర్న్‌తో సహా రబ్బరంతా మార్చు. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 (SAE J30 R9, పెట్రోల్ పైపుల ప్రమాణం) అని అచ్చు ఉండాలి. ఏ పేరూ లేని పైపు చవగ్గా వస్తుంది, తీసుకోకు. ఫిల్టర్ కూడా కొత్తది వెయ్యి. పైపులు మార్చాక కొన్నాళ్ళకు ఫిల్టర్‌ని ఇంకోసారి చూడు, ట్యాంకులోంచి తుప్పు వస్తుంటే అందులో కనబడుతుంది.

ఒంగోలు_ఓల్డ్‌కార్
నాది కార్బరేటర్ జెన్, ఇదే జబ్బు. నేనూ ఆ సీసా టెస్టు చేయొచ్చా? పైపు ఏ సైజు కొనాలి?

బెజవాడ_స్పానర్
చేయొచ్చు, దానికీ ఇలాంటి పంపే. సైజు అందాజుగా కొనకండి. పాత ముక్క కోసి షాపుకి పట్టుకెళ్ళి లోపలి కొలత సరిపోల్చి తీసుకోండి. రిటర్న్ పైపు కొలత వేరేగా ఉండొచ్చు, రెండు ముక్కలూ తీసుకెళ్ళండి.