సైట్ మోడల్ చేత్తో చేయాలా, లేజర్ కటింగ్‌కి ఇవ్వాలా?

ప్రశ్న: బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సెకండియర్. వాలు సైట్‌లో ప్రైమరీ స్కూల్ డిజైన్ ఇచ్చారు, వచ్చే వారమే జ్యూరీ (మా డిజైన్లు చూసి మార్కులేసే రోజు). మోడల్ 1:200లో కావాలి, కాంటూర్లు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) మీటరు ఎత్తుకొకటి. క్లాసంతా లేజర్ కటింగ్‌కి ఇస్తోంది, నా దగ్గర అంత డబ్బు లేదు. చేత్తో చేస్తే నాసిరకంగా కనిపిస్తుందేమోనని టెన్షన్.

జవాబు 1: చేత్తోనే చెయ్ తమ్ముడూ. 1:200లో మీటరంటే 5 మిల్లీమీటర్లు కదా, 5 ఎంఎం సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ బోర్డు) తెచ్చుకుంటే కాంటూర్‌కి ఒక షీటు, లెక్క కరెక్టుగా సరిపోతుంది. కాంటూర్ల ప్రింటవుట్ పైన అంటించి ఆ గీత వెంట కొయ్యి, ఒక్క ఊపులో తెగాలని నొక్కకుండా మెల్లగా రెండు మూడుసార్లు లాగితే అంచు నున్నగా వస్తుంది. కట్టర్ మొన మొద్దుబారగానే విరిచెయ్, బ్లేడు దగ్గర పిసినారితనం పనికిరాదు.

జవాబు 2: గమ్ మాట ఎవరూ ఎత్తరేం? డబ్బు మిగులుతుందని థర్మాకోల్ వాడితే ఫెవిబాండ్ (రబ్బరు గమ్) దగ్గరికి రానివ్వకు, కరిగించేస్తుంది. దానికి తెల్ల ఫెవికాలే. మౌంట్‌బోర్డ్ (మందపాటి అట్ట) గోడలకి మాత్రం అదే పల్చగా రాయి, తడి ఎక్కువైతే వంగిపోతాయి.

జవాబు 3: స్పాంజి చెట్లు, రంగు కార్లు పెట్టి టైం తగలెయ్యకు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మోడల్ చూడముచ్చటగా ఉండేది, ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) వచ్చి రూఫ్ తీసి చూపించమంటే లోపల గోడలే లేవు.

ప్రశ్న అడిగినవారు: రూఫ్ ఊడొచ్చేలా ఎలా పెట్టాలి అక్కా?

జవాబు 3: గమ్ వద్దు. రూఫ్ అడుగున, గోడలకి లోపలివైపు వచ్చేలా సన్నటి బోర్డు ముక్కలు అంటించు, డబ్బా మూతలా కూర్చుంటుంది.