పోయినేడు అడుగెత్తు కుండీ డాలియా, ఈ ఏడు మూడడుగులు పెరిగింది. ఏం చేయాలి?

బాల్కనీ బంతి (ఉప్పల్, హైదరాబాద్) – డిసెంబర్ 3

అందరికీ నమస్కారం. డాలియాలు పెంచినవాళ్లు కాస్త చెప్పండి.

పోయిన నవంబర్లో మా వీధిలోకి వచ్చిన పూలమొక్కల బండి దగ్గర నాలుగు కుండీ డాలియాలు కొన్నాను. రెండు పసుపు, ఒకటి ఎరుపు, ఒకటి తెల్లంచు ఊదా. ఎనిమిదంగుళాల కుండీలో అడుగెత్తు కూడా లేవు, ఆకు కనపడకుండా పూశాయి. మార్చి మొదటివారం దాకా పూస్తూనే ఉన్నాయి. ఎండలు ముదిరి ఆకులు పండిపోయాక నీళ్లు ఆపేసి, కాడలు కోసి, కుండీలు అలాగే మెట్ల కింద పెట్టాను.

సెప్టెంబర్ రెండోవారంలో తీసి చూస్తే ఒక్కో కుండీలో చిలగడదుంపల్లాంటి గుత్తి. ఎంత సంతోషమేసిందో! ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి కొత్త మట్టిలో నాటి రోజూ నీళ్లు పోశాను. రెండు కుళ్లిపోయాయి. మిగిలినవి ఒక పసుపు, ఒక ఎరుపు. ఇవి ఇప్పుడు మూడడుగులు దాటాయి. ఒక్కటే కాడ, గాలికి వాలిపోతోంది. పసుపుదానికి ఒకే ఒక్క మొగ్గ. కింది ఆకుల మీద విబూది చల్లినట్టు తెల్లగా ఉంది. వారానికోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను.

ఎత్తు గురించి ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, మా అత్తయ్యగారికి 79 ఏళ్లు. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి పొద్దున పూట బాల్కనీలో చక్రాల కుర్చీలోనే కూర్చుంటారు. పోయినేడు పసుపు కుండీని చిన్న పీట మీద పెడితే పువ్వు సరిగ్గా ఆవిడ చేతికి అందేది. రోజూ లెక్కపెట్టేవారు. ఒకరోజు పదకొండు పూశాయని మా ఆడబిడ్డకి ఫోన్ చేసి మరీ చెప్పారు. ఈ ఏడాది ఆ ఒక్క మొగ్గా ఆవిడ తలకన్నా పైన ఉంది. మెడ ఎత్తి చూడలేరు.

అదే దుంప కదా, రకం ఎలా మారుతుంది?

---

ఓరుగల్లు మిద్దె – డిసెంబర్ 3

ఆ తెల్లపొడి బూడిద తెగులు అక్కా. మా గుమ్మడికీ వచ్చింది. ముదిరిన ఆకులు తీసేయండి, కుండీల మధ్య జానెడు ఎడం ఇవ్వండి. నేను పుల్లటి మజ్జిగ పదింతల నీళ్లలో కలిపి నాలుగు రోజులకోసారి కొట్టాను, కొత్త ఆకులకి పాకలేదు. వేపనూనె కూడా కొట్టొచ్చు. ఎత్తు సంగతి నాకూ తెలియదు, తెలిసినవాళ్లు చెప్తే నేర్చుకుంటాను.

---

లంకమట్టి (కడియపులంక) – డిసెంబర్ 4

అమ్మా, నేను 27 ఏళ్లు నర్సరీ పనిలో ఉండి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. మీ దుంప మారలేదు. పోయినేడు మీరు చూసిన పొట్టితనం ఎక్కడిదన్నదే సంగతి.

కుండీ డాలియా రెండు రకాలుగా పొట్టిగా ఉంటుంది. ఒకటి, పుట్టుకతోనే పొట్టి. విత్తనంతో వచ్చే ఫిగారో లాంటివి ఆ జాతి. ఎండ సరిపోతే అడుగు, అడుగున్నర దగ్గర ఆగిపోతాయి. రెండోది, మందుతో పొట్టి. కుండీ పూల వ్యాపారంలో ప్రపంచమంతా చేసే పనే ఇది, మోసం కాదు. మామిడి రైతులు కల్తార్ అని పోస్తారు చూడండి, పాక్లోబ్యూట్రజాల్, అలాంటి మందులు. మొక్క సాగడానికి ఒంట్లో తయారయ్యే జిబ్బరెల్లిన్‌ని ఇవి తగ్గిస్తాయి. ఆకుల సంఖ్య దాదాపు అంతే ఉంటుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం తగ్గుతుంది. పొట్టిగా, ముదురాకుపచ్చగా, బండిమీద పడిపోకుండా ఉంటుంది. మరుసటి ఏడు దుంప నుంచి కొత్త మొలక కొత్త మట్టిలో వచ్చిందంటే ఆ పట్టు ఉండదు. తన అసలు ఎత్తుకి పోతుంది.

అయితే మీ విషయంలో తప్పంతా మందుదే అనుకోను. మూడడుగులు, ఒకే కాడ, ఒకే మొగ్గ అంటున్నారు. నాకు రెండు సంగతులు చెప్పండి. ఒక జత ఆకులకీ పై జతకీ మధ్య ఎన్ని వేళ్ల దూరం ఉంది? బాల్కనీలో ఎండ ఎన్ని గంటలు పడుతుంది?

ఓరుగల్లు అబ్బాయీ, మజ్జిగ మంచిదే. ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు సాయంత్రం పూట కొట్టుకోవచ్చు. కానీ గంధకం, వేపనూనె రెండూ దగ్గర దగ్గర రోజుల్లో కొట్టకూడదు. ఆకు మాడిపోతుంది. కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. ఇది చాలామందికి తెలియక మొక్క చచ్చాక తెగులే చంపిందనుకుంటారు.

---

బాల్కనీ బంతి – డిసెంబర్ 4

బాబాయిగారూ, కొలిచాను. పసుపుదానికి నాలుగు వేళ్లు, ఎరుపుదానికి అంతకన్నా కాస్త ఎక్కువే. మాది తూర్పు బాల్కనీ. పోయినేడు పది దాటేదాకా ఎండ ఉండేది. ఈ వేసవిలో ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచింది. ఇప్పుడు రెండు గంటలు పడితే గొప్ప. తుంచడం లాంటివి ఏమీ చేయలేదు. ఏపుగా పెరుగుతోంది కదా అని మురిసిపోయాను.

---

లంకమట్టి (కడియపులంక) – డిసెంబర్ 4

అదమ్మా సంగతి. ఎండ చాలక ఎండ కోసం పాకులాడింది. మీరు పోసిన చెక్కనీళ్లలో నత్రజని ఎక్కువ. ఆకు, కాడ పెంచుతుంది కానీ మొగ్గ తేదు. దానికి తోడు తల తుంచలేదు. చామంతికి ఎలా తుంచుతామో డాలియాకీ అంతే. నాలుగు జతల ఆకులు రాగానే చివర చిదిమేస్తే ఒక్కో ఆకు మొదట్లో నుంచి కొమ్మ వస్తుంది. ఒక కాడకి బదులు ఆరో, ఎనిమిదో. బలం పంచుకుంటాయి కాబట్టి ఏదీ మరీ సాగదు. మందు లేకుండా ఇంట్లో డాలియాని పొట్టిగా ఉంచడానికి నేను దీన్నే నమ్ముతాను.

ఇప్పుడేం చేయాలంటే, కింద నుంచి మూడు జతలు లెక్కపెట్టి, మూడో కణుపుకి ఆనుకుని పైన పదునైన బ్లేడుతో కోయండి. కాడ మధ్యలో గొట్టంలా బోలుగా ఉంటుంది. కణుపు వదిలి పైపైన కోస్తే ఆ గొట్టంలో నీళ్లు నిలిచి లోపలికి కుళ్లు దిగుతుంది. కోశాక రెండు రోజులు నీళ్లు తగ్గించండి. చెక్కనీళ్లు ఆపేయండి. కొత్త కొమ్మలు నాలుగు వేళ్లు వచ్చాక 13-0-45 అనే ఎరువు (పొటాషియం నైట్రేట్) లీటరు నీళ్లకి 2 గ్రాములు, పది రోజులకోసారి. ఎరువుల కొట్లో అడిగితే ఇస్తారు.

కుండీలు మేడ మీదకి ఎక్కించండి. ఆరు గంటల ఎండలో పెంచి, మొగ్గ రంగు చూపించాక పెద్దావిడ దగ్గరికి దించండి. విచ్చిన పువ్వు నీడపట్టున ఇంకో రెండు రోజులు ఎక్కువే నిలుస్తుంది.

కుళ్లిన రెండింటి గురించి కూడా చెప్తాను, బాధగా ఉంటుంది కదా. మొలక రాకముందు దుంపకి నీళ్లు తాగే వేర్లు ఉండవు. రోజూ పోస్తే ఆ నీరంతా దుంప చుట్టూనే నిలుస్తుంది. నాటేటప్పుడు మట్టి కాస్త చెమ్మగా ఉంటే చాలు, మొలక పైకి కనపడేదాకా మళ్లీ పోయకండి. ఇంకో మాట. డాలియా కన్ను దుంప ఒంటి మీద ఉండదు, దుంప మెడ పాత కాడని కలిసేచోట ఉంటుంది. బంగాళాదుంపలాగా ముక్కలు కోస్తే మెడలేని ముక్క ఏనాడూ మొలవదు.

బండిమీద కొనేవాళ్లందరికీ ఒక చిన్న సంగతి. మా వైపు మొక్కలు ఎక్కువగా గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో వస్తాయి. దూరం వెళ్లినా ఆరిపోకుండా ఆ మట్టే కాపాడుతుంది. ఇంటికొచ్చాక అదే గడ్డని కొబ్బరిపొట్టు మధ్యలో దించేస్తే చుట్టూ ఆరిపోతుంది, నడుమ బురదగానే ఉంటుంది. వేళ్లు తెగకుండా మూడోవంతు మట్టి మెల్లగా రాల్చి, ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపినదాంట్లో పెట్టుకోండి.

---

కావేరి నీళ్లు (బెంగళూరు) – డిసెంబర్ 5

అక్కా, మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, ఇక్కడి చల్లదనం వల్లే డాలియాల పిచ్చి పట్టింది. జనవరి లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి ఏటా వెళ్తాను.

కోసిన తల పారేయకండి. చివరి నాలుగంగుళాలు, కణుపు కిందగా కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకా కొబ్బరిపొట్టూ సగం సగం కలిపి గుచ్చండి. నీడలో ఉంచితే మూడు వారాల్లోపు వేళ్లు వస్తాయి. చిన్నగా, మెత్తగా ఉన్న చివరలే తీసుకోండి, బోలుగా ఉన్న ముదురు కాడ కుళ్లుతుంది. విత్తనం దాచుకుంటే అదే రంగు వస్తుందని ఆశపడొద్దు. డాలియాలో క్రోమోజోములు ఎనిమిది జట్లు ఉంటాయి, పిల్లలు తల్లిలా రావు. పెద్దావిడకి అదే పసుపు కావాలంటే కొమ్మ, లేదా దుంప.

ఇంకొకటి. దీని పుట్టిల్లు మెక్సికో కొండలు, రాత్రి చల్లగా ఉండాలి. అనంతపురంలో మా అమ్మ మే నెలలో మొక్కని బతికించాలని గోనెపట్టా కట్టి చాలా తంటాలు పడింది, నిలవలేదు. వేసవిలో దుంపని నిద్రపోనివ్వడమే నయం. మీరు మెట్ల కింద పెట్టి మంచిపని చేశారు. పొడి ఇసుకలో కప్పి, నెలకోసారి తీసి చూసి, ముడతపడితే వేళ్లతో నాలుగు చుక్కలు చిలకరించండి.

---

లంకమట్టి (కడియపులంక) – డిసెంబర్ 5

బెంగళూరు అమ్మాయి చక్కగా చెప్పింది. ఒకటే కలుపుతాను. డిసెంబర్లో మనకి పగలు పదకొండు గంటలే. పగలు చిన్నదైనకొద్దీ మొక్క బలాన్ని కిందికి దుంపలోకి పంపుతుంది. ఇప్పుడు గుచ్చిన కొమ్మలు ఈ ఏడాది పెద్దగా పెరగకపోయినా కంగారుపడకండి, వచ్చే ఏటికి చిన్న దుంప ఇస్తాయి. వచ్చేసారి ఆగస్టు ఆఖర్లోనే వాన పడని చోట నాటండి. పగళ్లు చిన్నవయ్యేలోపు ఒళ్లు చేస్తుంది.

---

బాల్కనీ బంతి – జనవరి 26

బాబాయిగారికీ, బెంగళూరు చెల్లికీ, ఓరుగల్లు తమ్ముడికీ ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ఎరుపుని ఆ మరునాడే కోశాను. చెయ్యి వణికింది. పసుపుకి మొగ్గ ఉంది కదా, కోసి నీళ్లలో పెట్టినా డాలియా మొగ్గ విచ్చదని ఇక్కడే ఇంకో చోట చదివి తొమ్మిది రోజులు ఆగాను. పువ్వు పూర్తిగా విచ్చాక దాంతో సహా కోసి, చిన్న గ్లాసులో అత్తయ్యగారి మంచం పక్కన పెట్టాను. నాలుగు రోజులు ఉంది.

ఇప్పుడు ఎరుపు పద్నాలుగు అంగుళాలు, ఐదు కొమ్మలు, ఆరు మొగ్గలు. ఒకటి విచ్చుకుంది. కణుపుల మధ్య దూరం రెండు వేళ్లే. పసుపు తొమ్మిదంగుళాల దగ్గరుంది, నాలుగు కొమ్మలు. గుచ్చిన ఆరు కొమ్మల్లో నాలుగు బతికాయి, రెండు నల్లబడ్డాయి. బూడిద తెగులు కొత్త ఆకులకి రాలేదు, మజ్జిగతోనే ఆగింది, గంధకం దాకా వెళ్లలేదు.

రోజూ ఉదయం కుండీలు మేడ మీదే ఉంటాయి. నిన్న శుభ్రం చేయడానికి పసుపుని కాసేపు కిందికి తెచ్చి పీట మీద పెట్టాను. అత్తయ్యగారు చేత్తో తడిమి, ఇక్కడ గుండ్రంగా ఏదో ఉంది చూడమన్నారు. ఆకుల మధ్య మిరియపు గింజంత మొగ్గ, నేను చూడనేలేదు. ఈసారి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతానని చెప్పి, ఆడబిడ్డకి ఫోన్ కలపమన్నారు.