సిక్కోల్లో (శ్రీకాకుళంలో) ఒక్క రోజు: అరసవల్లి, శ్రీకూర్మం, పొందూరు ఖద్దరు కుదురుతాయా?

ప్రశ్న:
విజయనగరం నుంచి ఆదివారం పొద్దున్నే ట్రైనెక్కుతాం. నలుగురం, ఇద్దరు పెద్దవాళ్లు. అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం చూసి, పొందూరులో పంచెలు కొని రాత్రికి ఇంటికి చేరాలి. అవుతుందా?

జవాబు 1:
అన్నీ ఒక్క రోజులో అంటే కష్టం బావూ. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం (బౌద్ధ స్తూపాలున్న చోటు), కళింగపట్నం శ్రీకాకుళం ఊరికి సముద్రం వైపు. పొందూరు దానికి ఎదురు దిక్కు. ఏదో ఒక దిక్కే పెట్టుకోండి.

'శ్రీకాకుళం రోడ్' స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణుంచి ఊరు సుమారు 13 కిలోమీటర్లు. పెద్దవాళ్లతో అయితే ఆర్టీసీ బస్సే మేలు, ఊళ్లో కాంప్లెక్స్‌లో (బస్టాండులో) దిగిపోవచ్చు.

ఆదివారం సూర్యుడి రోజు కాబట్టి అరసవల్లి సూర్యుడి గుడిలో క్యూ పెద్దగా ఉంటుంది, వేరే రోజు చూసుకోండి. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో, అదీ పొద్దు పొడిచేటప్పుడు కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిందా, ఇక లేనట్టే. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు కాబట్టి రెండు దర్శనాలూ ముందే ముగించాలి. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, గోడల మీది పాత చిత్రాలు చూడకుండా రావద్దు.

జవాబు 2:
పొందూరుకు వేరే రోజు వెళ్లండి. ప్యాసింజరు రైలు అక్కడ ఆగుతుంది. వడికే ఇళ్లు చూడాలంటే ముందు ఫోన్ చేసి అడగండి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఆ సన్నని పళ్లకు చెత్త, పొట్టి పీచు తగులుకుని పొడుగు పీచు మిగులుతుంది. సన్న నూలుకు అదొక కారణం.

నూలు నంబరు (కౌంటు) పెరిగేకొద్దీ పోగు సన్నం, ధర ఎక్కువ. చొక్కాకి 100 నంబరు అనవసరం, పంచెకైతే బాగుంటుంది. గుడ్డని వెలుతురుకి పట్టి చూడండి: పోగు అక్కడక్కడా లావుగా, సన్నంగా ఉంటే చేతి వడుకు. అంతా ఒక్క తీరుగా ఉంటే మిల్లు నూలని అనుమానించండి. పోగు కాల్చే పరీక్షలో పాలిస్టరు ముద్ద కడుతుంది కాబట్టి అది దొరికిపోతుంది, మిల్లు నూలు మాత్రం దొరకదు. ఖాదీ మార్కు కూడా చూడండి.

కుట్టించే ముందు గుడ్డని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కురచవుతుంది. బ్లీచింగ్ వద్దు, పల్చటి గంజి చాలు.

జవాబు 3:
ఇంకో మాట. కళింగపట్నంలో సముద్రంలో కలిసేది వంశధార, మన ఊరి నాగావళి కాదు. నాగావళి కల్లేపల్లి దగ్గర కలుస్తుంది. కళింగపట్నంలో నది మూతి దగ్గర నీళ్లలో దిగొద్దు, లాగేస్తుంది. శాలిహుండం స్తూపాలు కొండ మీద, ఎక్కాలి, పెద్దవాళ్లకి కష్టం. వానాకాలంలో ఊళ్లో చినుకు పడకపోయినా ఒడిశాలో కురిస్తే నాగావళి పొంగుతుంది, ఒడ్డున కూర్చునే ముందు అక్కడివాళ్లని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
సరే, పొందూరు తీసేశాం. బుధవారానికి మార్చుకున్నాం. భోజనం ఎక్కడ?

జవాబు 1:
శ్రీకాకుళం ఊళ్లో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల హోటళ్లుంటాయి. దారిలో వెతుక్కోవద్దు, శ్రీకూర్మం నుంచి తిరిగొచ్చి తిని, మూడింటికి కళింగపట్నం బయల్దేరండి.