ఉప్పుడు బియ్యం మిల్లు కోజెన్‌కు (ఒకే ఆవిరితో కరెంటూ, వేడీ తీసే ప్లాంట్) వేడినీళ్ల ట్యాంక్: లాభమా, దండుగా?

ఊక_బాయిలర్ (మిర్యాలగూడ):
డెన్మార్క్‌లో ఊరంతటికి పైపుల్లో వేడినీళ్లు పంపే కరెంటు ప్లాంట్లు 1990ల నుంచే పెద్ద ట్యాంకులు పెట్టుకున్నయి. కరెంటుకు రేటున్న గంటల్లో ఇంజన్ నడిపి ట్యాంక్ నింపుతరు. రేటు పడితే ఇంజన్ ఆపి ట్యాంక్ నీళ్లతో ఇండ్లకు వేడి ఇస్తరు. మన మిల్లుల బ్యాక్‌ప్రెషర్ టర్బైన్‌దీ (కరెంటు తీసినంక ఆవిరిని మిల్లు పనికి వదిలేది) అదే తిప్పలు: ఆవిరి వాడకం లేకుంటే కరెంటు లేదు. సాయంత్రం 6–10 పీక్‌లో వడ్లు నానబెట్టే పని లేకుంటే లోడ్ దిగిపోతది. ట్యాంక్ పెడ్తే తీరదా?

లెక్కల_పటేల్:
ట్యాంక్ వేడిని పుట్టియ్యదు అన్నా. నానబెట్టే నీళ్లు 60 కిలోలీటర్లు 30 నుంచి 85 డిగ్రీలకు తేవాలంటే 3.8 మెగావాట్ అవర్, అంటే 6 టన్నుల పైన ఆవిరి. యూనిట్ కరెంటుకు 11 కిలోల ఆవిరి లెక్కన 550 యూనిట్లు. అవి ట్యాంక్ లేకున్నా వస్తయి, వేళ మారుతదంతే. రేటు తేడా కోసం ఇంత స్టీలా? వడ్లు ఉడికించే కుక్కర్‌కు ఆవిరే కావాలె, 90 డిగ్రీల నీళ్లు దేనికి?

టర్బైన్_హాల్:
అన్నీ వస్తయన్నది తప్పు. నీళ్లు కాచేటప్పుడే కుక్కర్లు తెరిస్తే టర్బైన్‌లో పట్టని ఆవిరి ప్రెషర్ తగ్గించే వాల్వ్ గుండా బైపాస్ అయితది. ఆ కరెంటు పోయినట్టే. నీళ్ల లోడ్ ముందే ట్యాంక్‌లకు పోతే బైపాస్ తగ్గుతది.

కుక్కర్ కోసమని స్టీమ్ అక్యుములేటర్ (ప్రెషర్‌ల వేడినీళ్లు నిలువ పెట్టి, ప్రెషర్ దింపితే ఆవిరి ఇచ్చే డ్రమ్ము) జోలికి మాత్రం పోవద్దు. 10 బార్ నుంచి 5కు దింపితే టన్ను నీళ్లకు వచ్చేది 55–60 కిలోల ఆవిరే. పైగా 10 బార్‌తో నింపాలంటే టర్బైన్‌లో పూర్తిగా పనిచెయ్యకముందే ఆవిరి తీసుకోవాలె. వేడినీళ్ల ట్యాంక్‌కైతే టర్బైన్ వదిలిన ఆవిరే చాలు.

పైపు_ఫిట్టర్ (దేవరకొండ రోడ్):
చెడేది ఎక్కువగా పైపు దగ్గరనే. పైన వేడినీళ్లు, కింద చల్లనీళ్లు కలవకుండ నిలవాలె. పైపు నేరుగ గుచ్చితే నీళ్లు దూసుకొచ్చి, ట్యాంకంతా 60 డిగ్రీల గోరువెచ్చనైతది; ఆ నీళ్లతో 85 ఎట్ల తెస్తరు? పైనా కిందా వెడల్పాటి డిఫ్యూజర్ ప్లేట్ పెట్టి, నీళ్లు పక్కలకు మెల్లగ పారేటట్టు చెయ్యాలె. ఎత్తు పొడుగునా అరమీటర్‌కొక సెన్సర్. వెంట్ (గాలి ఆడే గొట్టం) మూసుకపోయి నీళ్లు చల్లారితే లోపల వాక్యూమ్ పుట్టి రేకు లోపలికి నొక్కుకపోతది.

ట్యాంక్‌ల బోరు నీళ్లు పొయ్యొద్దు. మన నల్లగొండ నీళ్ల సంగతి తెల్వనిదా, ఎక్స్‌ఛేంజర్ (నీళ్లు కలవకుండ వేడి మాత్రమే అందించే సామాను) ప్లేట్లకు సున్నం పడ్తది. మెత్తబరిచిన నీళ్లు లోపల్నే తిరగాలె, నానబెట్టే నీళ్లు ఎక్స్‌ఛేంజర్ అవతల.

లెక్కల_పటేల్:
బైపాస్ మాట ఒప్పుకుంట. గాని సైజు ఎక్స్‌ఛేంజర్ నుంచి వాపసొచ్చే నీళ్లను బట్టి ఉంటది. 90 పోయి 40 వస్తే, వేడినీళ్లు, చల్లనీళ్లు కలిసే మధ్య పొర నష్టం కలిపి 75 కిలోలీటర్లు చాలు. 60 వస్తే 125 కావాలె. సున్నం పడ్డకొద్దీ వాపసు వేడెక్కుతనే ఉంటది. ముందుగాల ఆ వాపసు పైపు మీద థర్మామీటర్ పెట్టి వారం రోజులు రీడింగ్ రాయుండ్రి. కొటేషన్ తర్వాత.