మిషిగన్ రెండు రంగుల ఇటుక ఇళ్లు: డచ్ సంప్రదాయమా, బట్టీ యజమాని తెలివా?

మిషిగన్_బాటసారి
పశ్చిమ మిషిగన్‌లో హాలండ్, జీలాండ్ ఊళ్ల చుట్టూ పాత ఇటుక ఇళ్లు చాలా ఉన్నాయి. గోడంతా ఎరుపు, మూలల్లో, కిటికీల పైన కమానుల్లో మాత్రం మీగడ రంగు. ఆ ఇటుక చాలావరకు వెనెక్లాసెన్ కుటుంబానిది. మతపరమైన ఒత్తిడి, బంగాళాదుంప తెగులు తట్టుకోలేక నెదర్లాండ్స్ వదిలి వచ్చినవాళ్లు 1847లో ఈ ఊళ్లు కట్టుకున్నారు. మరుసటి ఏడాదే యాన్ హెండ్రిక్ వెనెక్లాసెన్, ఆయన కొడుకు బెరెండ్ పక్కనున్న గ్రోనింగెన్ పల్లెలో ఇటుకలు చేయడం మొదలుపెట్టారు.

ఆ రెండు రంగులు డచ్ వాళ్లు వెంట తెచ్చుకున్నవే అని నా నమ్మకం. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరంలో 1600ల తొలి ఏళ్లలో కట్టిన మాంసం అంగడి ఫొటో చూడండి. ఎర్ర ఇటుక మధ్య తెల్లరాతి పట్టీలు. అలాంటి పట్టీలను డచ్‌లో ‘కొవ్వు పొరలు’ అంటారు. మీరేమంటారు?

కట్టడాల_పిచ్చి
నేను ఒప్పుకోనండీ. ఈ మిషిగన్ ఇళ్లు కట్టిన కాలంలోనే కెనడాలోని దక్షిణ ఒంటారియోలో ఎరుపు, పసుపు ఇటుకలు కలిపి ఎన్నో ఇళ్లు కట్టారు. వాళ్లు డచ్ వాళ్లు కారు. 1850లలో ఇంగ్లండ్‌లోని లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లో ఆల్ సెయింట్స్ చర్చి లేచింది, రంగుల ఇటుక మోజు అక్కడి నుంచి అంతటా పాకింది. మీరు చూపించిన హార్లెమ్ పట్టీలు రాయి, ఇటుక కాదు. పోలిక కంటికి బాగుంది, కానీ సాక్ష్యంగా నిలబడదు.

ఊకబట్టీ
మాది తూర్పు గోదావరి, తాతగారి నాటి నుంచి ఇటుక బట్టీయే. ఇద్దరూ మట్టిని వదిలేసి మాట్లాడుతున్నారు. మట్టిలో ఇనుము ఉంటే ఇటుక ఎర్రగా కాలుతుంది. అదే మట్టిలో సున్నం శాతం బాగా ఎక్కువైతే ఆ ఎరుపు నిలవదు, మీగడ రంగు వస్తుంది. అంటే రెండు రంగులు అమ్మాలంటే రెండు రకాల మట్టి వెతకాలి, కలవకుండా తవ్వాలి, విడివిడిగా కాల్చాలి. అంత శ్రమ ఎవరూ ఊరికే పడరు. ఇల్లు కట్టేవాడు కావాలని అడగాలి, బట్టీవాడికి అది గిట్టుబాటు కావాలి. ఆ కుటుంబం చేతిపనిని, లెక్కని పక్కనపెట్టి మొత్తం ‘డచ్ రక్తం’ ఖాతాలో రాయడం నాకు బాధగా ఉంది.

మిషిగన్_బాటసారి
ఒంటారియో సంగతి నాకు తెలియదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ అంతా మోజే అయితే ఈ నాలుగైదు ఊళ్ల చుట్టూనే ఇంత దట్టంగా ఎందుకున్నాయి?

ఊకబట్టీ
ఇటుక బరువండీ. బండి మీద తోలినన్నాళ్లు కిరాయే ధరని మింగేస్తుంది. మా దగ్గర కూడా పది ఊళ్లు దాటితే ఇటుక రంగు మారిపోతుంది. బట్టీ ఎక్కడుంటే దాని ముద్ర అక్కడే.

కట్టడాల_పిచ్చి
దానికి ఒకటి కలుపుతాను. 1871 అక్టోబరులో, షికాగో తగలబడ్డ రోజుల్లోనే, హాలండ్ పట్టణం కూడా చాలావరకు కాలి బూడిదైంది. చెక్క ఇల్లు పోగొట్టుకున్నవాడు మళ్లీ కట్టేటప్పుడు ఇటుక వైపు చూడడా?

కానీ బాటసారి గారూ, మీరన్నదాంట్లోనూ కొంత ఉంది. కొన్నవాళ్లు, చేసినవాళ్లు ఒకే చర్చికి వెళ్లే మనుషులు. పక్కింటాయన గోడ చూసి ‘నాకూ అలాగే కావాలి’ అనడానికి అది చాలు. నేను కాదనేది హార్లెమ్ నుంచి నేరుగా వచ్చిందన్న మాటనే.

జీలాండ్_కొత్తకాపురం
మేము అలాంటి ఇల్లే ఒకటి చూస్తున్నాం. ఎవరో ముందే తెల్ల పెయింట్ కొట్టేశారు. మెషీన్‌తో ఇసుక జోరుగా చిమ్మించి గీకిస్తే పోతుందా?

ఊకబట్టీ
దయచేసి ఆ పని చేయొద్దమ్మా. బట్టీలో కాలినప్పుడు పైన గట్టిపడ్డ పొర ఇసుక దెబ్బకి లేచిపోతుంది, లోపలి మెత్తటి భాగం నీళ్లు పీల్చుకుంటుంది. మీ చలికి ఆ నీళ్లు గడ్డకట్టి ఇటుక పెచ్చులూడుతుంది. పాత ఇటుక పని తెలిసిన మేస్త్రీని పిలిచి, ముందు వెనక గోడ మీద అరగజం మేర పెయింట్ తీసే మందుతో తీయించి చూడండి. కింద ఏ రంగు వచ్చిందో ఇక్కడ ఫొటో పెట్టండి.