బేగంపేటా, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టా? ఇల్లు ఎల్బీనగర్‌లో

ప్రశ్న (ఎల్బీనగర్_వాసి)
చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి బేగంపేటలో, సీటీసీ (ఏడాదికి కంపెనీ లెక్కగట్టే మొత్తం జీతం) 18 లక్షలు. రెండోది నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, 20.5 లక్షలు. రెండు చోట్లా వారానికి మూడు రోజులు ఆఫీసు. సొంతిల్లు ఎల్బీనగర్ మెట్రోకి దగ్గర్లోనే. మా ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో టీచర్. రెండున్నర లక్షల కోసం అటు వెళ్లొచ్చా? వెళ్తే ఇల్లు మారాలా?

మెట్రో_పాస్
బేగంపేటకి లెక్క తేలిక. రెడ్ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ బ్లూ లైన్‌లో నాగోల్ వైపు ఎక్కితే తర్వాతి స్టేషనే బేగంపేట. ఇంటి నుంచి సీటు దాకా గంట.

రెండోదానికి అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఇంకో తొమ్మిది స్టేషన్లు. అక్కడితో లైను ఆఖరు, అసలు తిప్పలు అక్కడే మొదలు. బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి, ఐఎస్‌బీ రోడ్డు మీదుగా ఉన్నది ఆరేడు కిలోమీటర్లే అయినా, ఆఫీసు టైముల్లో అరగంట నుంచి ముప్పావుగంట తినేస్తుంది. మొత్తం ఒకవైపుకే గంటా ముప్పావు, ఒక్కోరోజు రెండు గంటలు. స్టేషన్ నుంచి కంపెనీ షటిల్ ఉంటే కొంత నయం. ఉందని హెచ్‌ఆర్ చెప్తే సరిపోదు. ఎన్నింటికి బయల్దేరుతుంది, సీటు ముందే బుక్ చేయాలా అన్నది అక్కడ పనిచేసేవాళ్లని అడగండి.

కారైతే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పోవచ్చు గానీ దూరం దాదాపు రెట్టింపు, పైగా టోల్. ఆరాంఘర్, రాజేంద్రనగర్ దారి దగ్గర.

గట్టి వాన పడితే ఈ లెక్కలేవీ నిలబడవు. ఐటీ కారిడార్ కంపెనీలు ఉద్యోగుల్ని విడతలవారీగా వదలాలని పోలీసులే కోరుతుంటారు.

జీతం_లెక్క
రెండున్నర లక్షలూ చేతికి రావు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా మీ రెండు జీతాలూ 16–20 లక్షల శ్లాబులోనే పడతాయి. అంటే ఆ తేడా మీద 20 శాతం, దాని మీద 4 శాతం సెస్. మిగిలేది ఏడాదికి 1.98 లక్షలు, నెలకి 16,500. అది కూడా పెరిగినదంతా నగదుగా వస్తేనే. అందులో వేరియబుల్ పే (పనితీరుని బట్టి ఇచ్చే భాగం), యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఉంటే నెలకి 12–13 వేలకి దిగొచ్చు. రెండు ఆఫర్ల బ్రేకప్ షీట్లూ పక్కపక్కన పెట్టి ఫిక్స్‌డ్ పే మాత్రమే పోల్చండి.

ఇల్లు మారే ఆలోచన మానేయండి. నల్లగండ్ల, నార్సింగి వైపు గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూమ్ 30 వేల లోపు దొరకడం కష్టం. రెండు నెలల అడ్వాన్సు, మెయింటెనెన్స్ వేరు. ఎల్బీనగర్ ఇంటి అద్దెతో ఆ తేడా పూడదు. పైగా మీకు తప్పిన ప్రయాణం మీ ఆవిడ మీద పడుతుంది. ఆమెకి వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు, వారానికి ఐదారు రోజులు వెళ్లాలి! ఒకవేళ మారినా, మంజీర నీళ్లు వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా వేస్తారా అని వాచ్‌మన్‌ని అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పడమటి_వైపు
పై లెక్కలు సరైనవే గానీ ఒకవైపే చూస్తున్నారు. రెండు మూడేళ్లకి ఉద్యోగం మారాలంటే అవకాశాలు ఎక్కువగా హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కోకాపేట చుట్టుపక్కలే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని నేర్పే ప్రొడక్ట్ టీమ్ ఉండి, బేగంపేటది సపోర్ట్ ప్రాజెక్ట్ (ఉన్న సాఫ్ట్‌వేర్‌ని నడిపించే పని) అయితే నేను రెండోదే తీసుకోమంటాను, ప్రయాణం కష్టమైనా సరే. జీతం తేడా ఒక్కటే అయితే వద్దు.

బేగంపేట ఆఫర్ లెటర్‌లో కంపెనీ ఏ లొకేషన్‌కైనా మార్చవచ్చన్న షరతు ఉందేమో చూడండి. వాళ్లకి గచ్చిబౌలిలో ఇంకో క్యాంపస్ ఉంటే, ఏ ప్రాజెక్ట్, ఏ బిల్డింగ్ అన్నది చేరకముందే మెయిల్‌లో రాయించుకోండి.

ఎల్బీనగర్_వాసి
అందరికీ థాంక్స్. రెండోది ప్రొడక్ట్ టీమే. కానీ షిఫ్ట్ మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10.

మెట్రో_పాస్
అయితే వెళ్లేటప్పుడు రోడ్డు కాస్త ఖాళీ, వచ్చేటప్పుడే చిక్కు. చివరి రైలు టెర్మినల్ స్టేషన్ల నుంచి రాత్రి 11కి. రాయదుర్గంలో ఆ చివరిది ఎక్కితే అమీర్‌పేటలో ఎల్బీనగర్ రైలు అందుతుందన్న నమ్మకం లేదు. 10:40 కల్లా ప్లాట్‌ఫాం మీద ఉండాలి. అమెరికా కాల్ అరగంట సాగితే మెట్రో పోయినట్టే. అందుకే రాత్రి డ్రాప్ క్యాబ్ ఇస్తారా అని అడగండి. చాలా కంపెనీలు ఇన్ని కిలోమీటర్లని హద్దు పెడతాయి, ఎల్బీనగర్ ఆ హద్దులోకి వస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. రాకపోతే బేగంపేటలోనే చేరండి.