గొంగట్లో తింటూ ఏరేది వెంట్రుకలా, బొచ్చా?

(బెంగళూరు తెలుగువాళ్ళ మాటామంతీ. మాట్లాడేవాళ్ళను పేట పేరుతోనే పిలిచాం.)

యలహంక: "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని మా అమ్మమ్మ అనేది. వెంట్రుకలేనా, బొచ్చా? గొంగడి నేసేది ఉన్నితో కదా, మరి ఉన్ని అని ఎందుకు అనలేదు?

మల్లేశ్వరం: వెంట్రుకలే. చూడాల్సింది ఆ "ట్లో". వాకిలి–వాకిట్లో, పిడికిలి–పిడికిట్లో, అలాగే గొంగళి–గొంగట్లో. అసలు రూపం గొంగళి.

జయనగర్: ఒప్పుకోను మాస్టారూ. మా పాలమూరులో అందరి నోటా గొంగడే. గూడు–గూట్లో అంటాం కదా, డ కూడా ట అవుతుంది.

మల్లేశ్వరం: అది డు. గుడి–గుడిలో, ఒడి–ఒడిలో. "డి" ట్లో అయిన మాట ఒక్కటి చూపించండి.

హెబ్బాళ: నేను ఉన్ని పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. "వెంట్రుకలు" చాలా కచ్చితమైన మాట. ఉన్ని గ్రేడు కట్టేటప్పుడు ముందు చూసేది పోగు మందం, మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో. మెరినో అనే మేలు జాతి గొర్రె ఉన్ని సాధారణంగా 24 మైక్రాన్ల లోపు. ఆ తర్వాతే పొడవు, బలం, రంగు, అంటుకున్న పల్లేరుకాయల చెత్త. దక్కనీ గొర్రె బొచ్చులో ఉన్నితో పాటు ముతక వెంట్రుకలూ కలిసి ఉంటాయి. చిటికెడు తీసి వేళ్ళ మధ్య విడదీస్తే తెలిసిపోతుంది: ఉన్ని పోగు సన్నగా అలలు తిరిగి ఉంటుంది, వెంట్రుక బిరుసుగా గుచ్చుకుంటుంది. బాగా ముతకదైతే లోపల బోలు, రంగు సరిగా పట్టదు, ఊడిపోతుంది కూడా. అన్నంలో పడేది అదే!

మల్లేశ్వరం: ఉన్ని గ్రేడుకు ఇంగ్లండు వాళ్ళ పాత బ్రాడ్‌ఫర్డ్ లెక్క ఇంకా బాగుంటుంది. పౌను శుభ్రమైన ఉన్నితో 560 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వడకొచ్చో అదే నంబరు. 64 అంటే మేలు రకం.

జయనగర్: తెల్ల ఉన్నికి ధర ఎక్కువ, ఏ రంగైనా అద్దొచ్చు కాబట్టి. మన నల్ల గొంగడికి ఆ వీలు లేదు. వేమన ఎప్పుడో చెప్పాడు, "నలుపు నలుపెగాని తెలుపు గాదు".

హెబ్బాళ: అది ఎలుక తోలు పద్యం కదండీ!

జయనగర్: ఎలుక అంత నలుపా? అది "ఎలుగు తోలు" అని నా గట్టి నమ్మకం. ఎలుగుబంటి అయితేనే ఆ నలుపుకు అర్థం.

యలహంక: మరి "బొచ్చు" అని ఎవరూ వినలేదా?

మల్లేశ్వరం: ఎలుక అన్నా ఎలుగు అన్నా మూడు లఘువులే, నగణమే. ఆటవెలది రెంటినీ ఒప్పుకుంటుంది, ఛందస్సుతో తేలదు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.